పురిటి పెట్టె మూత తీయకండి

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో డెర్బీ దగ్గర ఉంటాం. మా పక్కింటి పెద్దాయన కుందేళ్ల వేటకి ఫెర్రెట్లు, అంటే చూడ్డానికి ముంగిసల్లా ఉండే పెంపుడు జంతువులు, పెంచుతారు. మా పిల్లల ముచ్చట చూసి ఫిబ్రవరిలో ఒక ఆడ ఫెర్రెట్‌ని ఇచ్చారు. దాని వయసు ఏడాది దాకా ఉంటుంది, పేరు బుజ్జి. మార్చిలో దానికి తోక కింద ఎర్రగా వాచింది. ఆయన చూసి, ‘ఎదకొచ్చింది, ఇలాగే వదిలేస్తే చచ్చిపోతుంది’ అని మార్చి 24న తన మగదాన్ని తెచ్చి మా షెడ్‌లో వదిలారు. రెండు గంటలు ఒకటే అరుపులు, మెడ మీద గాట్లు. పిల్లలు ఏడ్చేశారు. ఇప్పుడు బుజ్జి పొట్ట కాస్త లావయింది. నిజంగా చూలేనా? మగదానికి నుదుటి నుంచి మెడ దాకా తెల్ల చార ఉంది, పిల్లలు భలే అందంగా పుడతాయని ఆయన అంటున్నారు. ఏప్రిల్ 29న తెనాలి నుంచి మా అత్తయ్య గారు వస్తున్నారు, బాలింతకి పాలన్నం పెడదాం అంటున్నారు ఫోన్లో. మా అమ్మాయి క్లాసంతా చాటింపు వేసేసింది, అందరూ చూడ్డానికి వస్తామంటున్నారు. తల్లి పాలివ్వకపోతే ఫిల్లర్‌తో పట్టొచ్చా? అసలు దానికి పిల్లలు పెట్టించడం తప్పయిందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పేరు వేయకండి.

జవాబు: మీ పక్కింటాయన చెప్పినదాంట్లో సగం నిజం, సగం పాత అలవాటు. నిజమైన సగం ముందు చెప్తాను.

మన ఊళ్లో ఆవో గేదో ఎదకొస్తే ఒక పూట అరుస్తుంది, దాటించకపోతే తగ్గిపోతుంది, మళ్లీ మూడు వారాలకి వస్తుంది. ఫెర్రెట్ సంగతి అలా కాదు. పగటి వెలుగు పెరిగేకొద్దీ, ఇంగ్లండ్‌లో అయితే మార్చి ప్రాంతంలో, ఎదకొస్తుంది. మగదానితో కలిస్తే గాని అండం విడుదల కాదు. కలవకపోతే ఆ ఎద అలాగే వేసవంతా, సెప్టెంబరు దాకా కూడా నిలిచిపోతుంది. అన్ని నెలలు ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఎక్కువగా ఉండేసరికి ఎముకల్లోని మూలుగ దెబ్బతిని రక్తం తయారవడం మందగిస్తుంది. చిగుళ్లు తెల్లగా పాలిపోతాయి, బొచ్చు రాలుతుంది, వెనక కాళ్లు పట్టు తప్పుతాయి. అంతదాకా వస్తే బతికించడం కష్టం. కాబట్టి ‘వదిలేస్తే చచ్చిపోతుంది’ అని ఆయన అన్నది బెదిరింపు కాదు.

పాత అలవాటు ఏమిటంటే, దానికి మందు పిల్లలు పెట్టించడమేనని అనుకోవడం. ఎద తగ్గడానికి హార్మోన్ ఇంజెక్షన్ ఉంది, ఇక్కడి వాళ్లు ‘జిల్ జాబ్’ అంటారు. ఆడ ఫెర్రెట్‌ని జిల్ అనీ, మగదాన్ని హాబ్ అనీ, పిల్లల్ని కిట్లు అనీ పిలుస్తారు కదా, ఆ జిల్. అదే పనికి చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ అనే మందు ఇంప్లాంట్ కూడా ఉంది, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. వేసెక్టమీ చేసిన మగదానితో కలిపినా అండం విడుదలై ఎద దిగిపోతుంది, పిల్లలు మాత్రం పుట్టవు. ఆపరేషన్ చేసి గర్భసంచి, అండాశయాలు తీసేయొచ్చు. అలా చేసిన వాటిలో కొన్నేళ్లకి అడ్రినల్ గ్రంథి జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని తేలాక చాలామంది డాక్టర్లు ఇంప్లాంట్ వైపు మొగ్గుతున్నారు. మీకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు, తెలియక జరిగింది. దాన్ని తప్పు అననక్కర్లేదు. వచ్చే ఏడాది మళ్లీ ఇలాగే జరిగిందని ఉత్తరం రాస్తే మాత్రం నేను తిట్టే జవాబు రాస్తాను.

ఆ అరుపులు, గాట్లు కూడా మామూలే. హాబ్ మెడ పట్టుకుని ఈడ్చుకెళ్తుంది, గంటల తరబడి వదలదు. ఆ గాట్లకి చీము పట్టలేదు కదా, అది మాత్రం ఒకసారి బొచ్చు పక్కకి తీసి చూసుకోండి.

ఇక చూలు సంగతి. ఫెర్రెట్లలో ఉత్తుత్తి చూలు బాగా నమ్మిస్తుంది. కలిసినా నిలవనప్పుడు కూడా పొట్ట పెరుగుతుంది, చన్నులు ఉబ్బుతాయి, గుడ్డలు లాక్కెళ్లి గూడు కట్టుకుంటుంది, ఆరు వారాలకి అంతా మాయమవుతుంది. పొట్ట చూసి చెప్పలేం. రెండు వారాలు దాటితే స్కాన్‌లో తెలుస్తుంది, 30వ రోజు నుంచి ఎక్స్‌రేలో పిల్లల ఎముకలు కనిపిస్తాయి. మార్చి 24 నుంచి లెక్కేస్తే 30వ రోజు ఏప్రిల్ 23. 42వ రోజు మే 5. ఫెర్రెట్ దాదాపు ఈ లెక్క తప్పదు, 41, 42 రోజులకి పిల్లలు పెట్టేస్తుంది. ఏప్రిల్ 23 దాటగానే ఫెర్రెట్లు చూసే డాక్టర్ దగ్గర ఎక్స్‌రే తీయించండి. అందరు వెట్‌లూ ఫెర్రెట్లు చూడరు, ఫోన్ చేసి అడిగి వెళ్లండి.

‘ఉందో లేదో మే 5న తెలుస్తుంది కదా, ఈ ఖర్చెందుకు’ అనకండి. కావలసింది పిల్లల లెక్క. మామూలుగా ఒక ఈతకి ఎనిమిది దాకా పుడతాయి, పది పన్నెండు కూడా వింత కాదు. కడుపులో ఒకటో రెండో మాత్రమే ఉంటే చిక్కు. నొప్పులు మొదలవడానికి కావలసిన సూచన తల్లి ఒంటికి పిల్లల నుంచే అందాలి. ఒకటి రెండు పిల్లలతో అది చాలదు, నొప్పులు రావు. 43వ రోజు దాటితే పిల్లలు లోపలే పెరిగిపోయి చనిపోతాయి, తల్లికీ ప్రమాదం. ముందే లెక్క తెలిస్తే 42వ రోజుకి సిజేరియన్‌కి డాక్టర్ సిద్ధంగా ఉంటారు. మే 6న అర్ధరాత్రి తెలిస్తే మీరు ఫోన్ పట్టుకుని వెతుక్కోవాలి.

పురిటి పెట్టె ఈ వారమే పెట్టేయండి. ఈనడానికి రెండు వారాల ముందు నుంచి, ఈనాక రెండు వారాల దాకా దాని చోటు గాని తిండి గాని మార్చకూడదు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు చెక్క పెట్టె చాలు, పైన మూత ఉండాలి. ముందు దారికి ఆరంగుళాల ఎత్తు గడప ఉంచండి. చన్ను పట్టుకుని వేలాడుతూ పిల్ల బయటికి ఈడ్చుకురాకుండా ఆ గడపే ఆపుతుంది. గడప అంచు నున్నగా గరుకు కాగితంతో రుద్దండి, బరువు పొట్టతో దాటుతుంటే చన్నులు గీరుకుంటాయి. లోపల మెత్తటి ఫ్లీస్ గుడ్డలు, పాత బనియన్ ముక్కలు వేయండి. ఉచ్చులు ఉచ్చులుగా దారం లేచే తువ్వాళ్లు వద్దు, సన్నటి చెక్క పొట్టు వద్దు, దూది అసలే వద్దు. ఎందుకో కింద చెప్తాను, చదివాక మీరే తీసి పారేస్తారు.

మీ పిల్లలు చిన్నప్పుడు వాడిన బేబీ మానిటర్ కెమెరా ఇంట్లో ఉంటే, చీకట్లో కూడా కనిపించేది, ఇప్పుడే పెట్టె మూత లోపలి వైపు బిగించండి. బుజ్జికి అలవాటవుతుంది. మీ నిద్రకి ఇంతకంటే మంచి మందు లేదు. పెట్టె షెడ్‌లో ఉంటే షెడ్‌లోనే ఉండనివ్వండి, కానీ ఎండ నేరుగా పడకూడదు. ఫెర్రెట్‌కి చెమట పట్టదు, 30 డిగ్రీలు దాటితే వడదెబ్బే. మే నెల డెర్బీలో ఏం ఎండ అనుకోకండి, రేకుల కప్పు ఉన్న షెడ్ ఇక్కడ కూడా మధ్యాహ్నానికి పొయ్యి అవుతుంది. ఇక ఆ హాబ్‌ని చూపించడానికి కూడా తీసుకురావద్దని పక్కింటాయనకి చెప్పండి.

తిండి దగ్గరికి వస్తే, ముందు అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి. బాలింత అన్న మాట ఆవిడ సరిగ్గానే పట్టుకున్నారు. పథ్యం మాత్రం మన ఇళ్లలో దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. దీనికి అన్నం వద్దు, పాలు వద్దు, పప్పు వద్దు, పండు వద్దు, బెల్లం ముక్క కూడా వద్దు. ఫెర్రెట్‌ని చూస్తే మనకి ముంగిస గుర్తొస్తుంది, కానీ ఇది నీటికుక్క వైపు చుట్టం, పచ్చి మాంసాహారి. పీచు అరిగించే సీకం అనే భాగమే దాని పేగుల్లో లేదు. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అందుకే కొంచెం కొంచెం రోజంతా తింటూ ఉండాలి, తినేది మాంసం, కొవ్వు అయి ఉండాలి. పొడి మేత కొంటే ఫెర్రెట్లకి చేసిందే కొనండి, ప్రొటీన్ 35 శాతానికి తగ్గకూడదు, కొవ్వు 20 శాతం దగ్గర ఉండాలి. పాలిచ్చే రోజుల్లో కొవ్వు ఇంకా ఎక్కువున్నా మంచిదే. కోడి మాంసం, కందనకాయ, గుండెకాయ, కాస్త కార్జం పచ్చివే పెట్టొచ్చు. అత్తయ్య గారు కూరకి ముక్కలు కోసేటప్పుడు, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ తగలకముందే, బుజ్జి వాటా పక్కకి తీసిపెడితే ఆవిడకి బాలింతకి పెట్టిన తృప్తీ దక్కుతుంది. ఉడికించిన ఎముక మాత్రం వేయకూడదు, పేళ్లుగా విరిగి గుచ్చుకుంటుంది. మీ పక్కింటాయన ఫ్రీజర్‌లో పెట్టిన ఒకరోజు కోడిపిల్లలు ఇస్తానంటే తీసుకోండి, మంచి తిండే. అయితే ఆ డబ్బా సంగతి అత్తయ్య గారికి ముందే చెప్పండి. తెనాలి నుంచి వచ్చిన మర్నాడు ఐస్‌క్రీం అనుకుని మూత తీస్తే బాగుండదు.

ఇప్పటి నుంచి గిన్నె ఖాళీ కాకూడదు. ఈ ఒక్క మాట ఫ్రిజ్ మీద రాసి అంటించండి. 35వ రోజు దాటాక కడుపునిండా పిల్లలున్న ఫెర్రెట్ ఒక్కరోజు పస్తుంటే చాలు, ఒంట్లో కొవ్వు కరిగి కాలేయాన్ని ముంచేస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం 38వ రోజు చూలుతో ఉన్న దాన్ని నా దగ్గరికి తెచ్చారు. పాత మేత అయిపోయిందని కొత్త కంపెనీది పోశారట. అది మూతి పెట్టలేదు. ఆకలేస్తే అదే తింటుందిలే అని రెండు రోజులు చూశారు. నేను చేత్తో ఎత్తితే తడి గుడ్డలా వేలాడింది, నిమిరితే బొచ్చు గుప్పెళ్లతో ఊడొచ్చింది, మలం తారులా నల్లగా ఉంది. ఆపరేషన్ చేశాం. తల్లి గాని తొమ్మిది పిల్లలు గాని మిగల్లేదు. కాబట్టి ఇప్పుడు తినే మేతనే ఇంకో రెండు సంచులు తెచ్చి పెట్టుకోండి. ఒక పూట తినకపోతే మాంసం గోరువెచ్చగా చేసి వేలితో మూతికి రాయండి. రెండో పూట కూడా తినకపోతే కారు తీయండి.

ఈనే రోజున మీరు చేయాల్సింది పెద్దగా లేదు. ముందురోజు గూటిలో తిరుగుతుంది, గుడ్డలు సర్దుకుంటుంది. మొదలయ్యాక చకచకా అయిపోతుంది, రెండు మూడు గంటల్లో అన్నీ పుట్టేస్తాయి. ఒక్కొక్కటి పది గ్రాముల లోపే, మీ చిటికెనవేలంత ఉంటుంది, ఒంటి మీద తెల్లటి నూగు తప్ప ఏమీ ఉండదు. కళ్లు, చెవులు మూసుకుని ఉంటాయి. తల్లే మాయ తింటుంది, బొడ్డు కొరుకుతుంది, నాకి శుభ్రం చేస్తుంది. నొప్పులు పడుతూ గంట దాటినా పిల్ల రాకపోయినా, సగం పుట్టి మళ్లీ ఆగిపోయినా, పచ్చగా చెడు వాసనతో స్రావం వచ్చినా డాక్టర్‌కి ఫోన్ చేయండి. లేదంటే కెమెరా చూస్తూ కూర్చోండి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. తిరుపతిలో వెటర్నరీ చదివినన్నాళ్లూ ఫెర్రెట్ అన్న మాట నాకు ఒక్క పరీక్షలోనూ ఎదురు కాలేదు. ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో, ఎవరో వదిలేసిన చూడి ఫెర్రెట్‌ని మా ఇంట్లో పెట్టుకున్నాం. తొలి ఈత. ఏడు పిల్లలు పుట్టాయి. రెండో రోజు సాయంత్రం స్నేహితులు భోజనానికి వచ్చారు. ‘ఒక్కసారి చూస్తాం’ అన్నారు. నేను డాక్టర్‌ని కదా, గర్వంగా మూత ఎత్తాను. లైటు పడింది, నలుగురం వంగాం, ఎవరో ఒక పిల్లని అరచేతిలోకి తీసుకున్నారు, తిరిగి పెట్టేశారు. అది ఒక్కసారి బుస్సుమంది, అంతే. పొద్దున్నే చూస్తే మూడు పిల్లలున్నాయి. మధ్యాహ్నానికి ఒకటి కూడా లేదు. చచ్చిన ఆనవాలు కూడా లేదు, తినేసింది. మా ఆవిడ వారం రోజులు ఆ గది వైపు రాలేదు. తొలిచూలు జిల్‌ని మొదటి రోజుల్లో కంగారు పెడితే జరిగేది ఇదే. అది రాక్షసత్వం కాదు, ఈ గూడు క్షేమం కాదని దానికి మనమే చెప్పినట్టు.

అందుకే మొదటి ఐదు రోజులు మూత తీయొద్దు. మీ అమ్మాయి క్లాసు, పక్కింటాయన, ఆఖరికి తెనాలి నుంచి అంత దూరం వచ్చిన అత్తయ్య గారు, ఎవరికీ మినహాయింపు లేదు. నీళ్లు, తిండి పెట్టెకి దగ్గరలోనే పెట్టి వచ్చేయండి. ఆ పని ఇంట్లో ఒక్కరే చేయాలి, బుజ్జికి అందరికంటే ఎక్కువ అలవాటైన మనిషి.

మినహాయింపు ఒక్కటుంది, దూది వద్దన్న సంగతి అక్కడే వస్తుంది. పుట్టిన పిల్లల బొడ్డుతాళ్లు తడిగా, పొడుగ్గా ఉంటాయి. వెంటవెంటనే పుట్టడంతో తల్లి అన్నీ కొరికేలోపే ఒకదానికొకటి చుట్టుకుంటాయి. అందులో దూదో పొట్టో దారమో కలిస్తే ఆరేసరికి తాడు పేనినట్టు గట్టిపడతాయి. నేను ఒకసారి చూసింది ఐదు పిల్లలు, మల్లెపూలు దారానికి కట్టినట్టు పొట్టల దగ్గర ఒకే ముడిలో ఉన్నాయి. ఒక పిల్ల కాలు ఆ ముడిలో ఇరుక్కుని నేరేడుపండు రంగుకి తిరిగిపోయింది. తల్లి వాటి మీద ముడుచుకుని పడుకోవడానికి చూస్తోంది, కుప్ప కదలడం లేదు, అటూ ఇటూ లాగుతుంటే పిల్లలు కీచుమంటున్నాయి. పాలు ఒక్కదానికీ అందలేదు. కెమెరాలో ఇలా కుప్ప కుప్పగా కదిలితే, ఆగకుండా సన్నగా కీచుమంటుంటే, బుజ్జి తిండికి బయటికి రాగానే ఇంకొకరు దాన్ని వేరే గదిలో మాంసం ముక్కతో మరిపించండి. దాని గూటి గుడ్డకే చేతులు రుద్దుకుని, గోరువెచ్చటి సెలైన్‌తో ఆ ముడిని నానబెట్టండి. నాలుగైదు నిమిషాలు పడుతుంది. ముడి మెత్తబడ్డాక మొన తేలని చిన్న కత్తెరతో పొట్టకి దూరంగా కత్తిరించండి, లాగకూడదు. పొట్ట దగ్గర లాగితే పేగు బయటికి వస్తుంది. పిల్లల్ని వెచ్చటి చేతిలో ఉంచండి, ఈ సైజులో ప్రాణం నిమిషాల్లో చల్లబడుతుంది. చేయి వణుకుతుందనుకుంటే పెట్టె పళంగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

కీచుమనే చప్పుడు గురించి ఒక్క మాట. కడుపు నిండిన పిల్లలు నిశ్శబ్దంగా పోగుపడి పడుకుంటాయి, తల్లి చుట్టూ వంపు తిరిగి ఉంటుంది. ఆకలితో, చలితో ఉన్నవి ఆపకుండా అరుస్తాయి. ఈ తేడా ఒక రాత్రిలోనే మీ చెవికి పట్టుబడుతుంది.

ఫిల్లర్ విషయంలో మీకు ధైర్యం చెప్పలేను. పుట్టిన మొదటి పది రోజులు ఫెర్రెట్ పాలు అసలు అందని పిల్లల్ని చేత్తో సాకి బతికించడం దాదాపు కాని పని. తల్లికి పాలు తక్కువైతే, పిల్లిపిల్లల పాలపొడిలో కాస్త క్రీమ్ కలిపి రెండు గంటలకోసారి పైపాలుగా అందించొచ్చు, అది ఊతం మాత్రమే. దానికంటే నమ్మదగింది ఇంకో బాలింత జిల్. అదే వారంలో ఈనిన ఫెర్రెట్ ఉంటే, దాని గూటి వాసన పిల్లలకి పట్టించి పెడితే చాలాసార్లు మారు మాట్లాడకుండా పాలిస్తుంది. మీ పక్కింటాయనకి ఫెర్రెట్లు పెంచే నేస్తాలు ఉండే ఉంటారు. మే మొదటి వారంలో ఎవరిది ఈనబోతోందో ఇప్పుడే కనుక్కుని పెట్టమనండి. ఆయన మనకి చేయగలిగిన అసలైన సాయం ఇదే.

ఈనిన తర్వాత బుజ్జి ఒంటి మీద ఒక కన్నేసి ఉంచండి. మన గేదెలకి వచ్చే పొదుగువాపు దీనికీ వస్తుంది. చన్ను రాయిలా గట్టిపడి, వేడిగా, ఊదా రంగుకి తిరిగితే ఆరోజే డాక్టర్ దగ్గర ఉండాలి, మర్నాడు కాదు, నల్లబడిందంటే అక్కడ కండ చచ్చిపోతున్నట్టే. ఇంకో సంగతి, అలాంటి తల్లి పిల్లల్ని వేరే జిల్ దగ్గర పెడితే ఆ జబ్బు పిల్లల నోటితో దానికీ అంటుతుంది, డాక్టర్‌ని అడగకుండా మార్చకండి. మూడో నాలుగో వారంలో పాలు బాగా దిగే సమయానికి పాలజ్వరం కూడా రావచ్చు. వెనక కాళ్లు ఈడుస్తుంది, వణుకుతుంది, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. కాల్షియం ఎక్కిస్తే అప్పటికప్పుడు లేచి నిలబడుతుంది. ఆ రోజుల్లో బుజ్జి మామూలు కంటే రెండు మూడింతలు తింటుంది, ఆశ్చర్యపోకండి, పెడుతూనే ఉండండి. అంత తిన్నా చిక్కుతుంది.

జలుబు చేసినవాళ్లు ఆ షెడ్ వైపు వెళ్లకూడదు. మనిషి ఫ్లూ ఫెర్రెట్‌కి ఇట్టే అంటుతుంది. 1933లో లండన్‌లో శాస్త్రవేత్తలు మనిషి ఫ్లూ వైరస్‌ని మొదటిసారి పట్టుకున్నది ఫెర్రెట్లకి అంటించి చూడటం వల్లే. విమానంలో అంత సేపు కూర్చుని వచ్చిన అత్తయ్య గారికి గొంతు గరగర ఉంటే, బుజ్జి దగ్గరికి వారం ఆగి వెళ్లమనండి.

ఐదు రోజులు దాటాక బుజ్జి తింటున్నప్పుడు ఒక్క నిమిషం మూత తీసి లెక్కపెట్టొచ్చు. పుట్టినప్పుడు పది గ్రాములున్నది వారానికి 30 గ్రాములు కావాలి, మూడు వారాలకి 100 గ్రాములు. వంటింటి తూకం మీద చిన్న గిన్నె పెట్టి తూచండి. మూడు వారాలకి కళ్లు తెరవకుండానే తిండి వాసన పట్టుకుని పాక్కుంటూ బయటికి వస్తాయి, తల్లి మెడ పట్టుకుని మళ్లీ లోపలికి ఈడ్చుకెళ్తుంది, అవి మళ్లీ వస్తాయి. ఈ తంతు చూడ్డానికి భలే ఉంటుంది. అప్పటికి మే 26, మీ పిల్లలకి హాఫ్ టర్మ్ సెలవులు. క్లాసు వాళ్లని అప్పుడు పిలవండి, ఇద్దరిద్దరుగా, చేతులు కడుక్కుని. మేతని గోరువెచ్చటి నీళ్లలో గుజ్జుగా నానబెట్టి పల్చటి పళ్లెంలో పెట్టండి. నీళ్ల గిన్నె లోతుగా ఉండకూడదు, మునిగిపోతాయి. ఐదో వారానికి కళ్లు, చెవులు తెరుచుకుంటాయి. రోజూ కాసేపు చేతిలోకి తీసుకుంటే కరిచే అలవాటు పోతుంది. ఎనిమిది వారాలు నిండేదాకా, అంటే జూన్ ఆఖరు దాకా, తల్లి నుంచి విడదీయొద్దు. ఆ వయసుకి డిస్టెంపర్ టీకా సంగతి డాక్టర్‌ని అడగండి. కుక్కలకి వచ్చే ఆ జబ్బు ఫెర్రెట్‌కి వస్తే బతకడం ఉండదు.

ఇక ఆ తెల్ల చార. అందంగానే ఉంటుంది, నేను కాదనను. కానీ నుదుటి నుంచి మెడ దాకా చార ఉన్న ఫెర్రెట్లలో పుట్టుచెవుడు చాలా ఎక్కువ, ఆ చారతో పాటు చెవుడు కూడా పిల్లలకి దిగుతుంది. ఆరో వారంలో పిల్లలు నిద్రలో ఉండగా, నేల అదరకుండా తాళం చెవుల గుత్తి ఆడించి చూడండి. తల ఎత్తని పిల్ల ఏదో గుర్తుపెట్టుకుని, తీసుకునేవాళ్లకి దాచకుండా చెప్పండి. చెవిటి పిల్ల బాగానే బతుకుతుంది, కానీ తోటి పిల్ల బాధతో అరిచినా దానికి వినపడదు, అందుకని ఆటలో గట్టిగా కరుస్తుంది. చిన్నపిల్లలున్న ఇంటికి ఇచ్చేటప్పుడు ఇది తెలియాలి.

ఎనిమిది పిల్లలు పుడితే ఎనిమిది ఇళ్లు చూడాలి. ఈ పని జూన్‌లో మొదలుపెడితే ఆలస్యం. వేసవి చివరికి ఫెర్రెట్ షెల్టర్లు నిండిపోతాయి. వాటిలో చాలా మటుకు ఇలా ‘ఒక్కసారి పిల్లలు పెట్టిద్దాం’ అనుకున్న ఇళ్ల నుంచి వచ్చినవే. పక్కింటాయన వేటకి ఎన్ని తీసుకుంటారో, ఆయన హాబ్ కాబట్టి సగం బాధ్యత ఆయనదే అని నవ్వుతూనే గట్టిగా అడగండి. మీరు అట్టే పెట్టుకునేవి ఉంటే ఒకటి, లేదా రెండు. మగ, ఆడ కలిపి ఉంచితే వచ్చే మార్చికి అన్నాచెల్లెళ్లే మీకు ఇంకో ఈత చూపిస్తాయి.

బుజ్జి పాలు మాన్పించిన రెండు వారాల్లోపే మళ్లీ ఎదకొస్తుంది. పిల్లలు నలుగురైదుగురే అయితే పాలిస్తూ ఉండగానే రావచ్చు. పగలు పొడుగ్గా ఉన్న రోజులు కదా, సెప్టెంబరు దాకా ప్రమాదం అలాగే ఉంటుంది. అందుకే ఎక్స్‌రేకి వెళ్లిన రోజే ఇంప్లాంట్ ఎప్పుడు పెట్టొచ్చో మాట్లాడి, జూన్ నెలలో ఒక తేదీ రాయించుకుని రండి. చూలుతో ఉండగా పెట్టేది కాదు అది. తోక కింద మళ్లీ వాపు కనిపిస్తే ఆ తేదీ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

ఎన్ని పుట్టాయో నాకు రాయండి. మే 5నే రాయక్కర్లేదు, 10న లెక్కపెట్టి రాయండి.